స్వీడన్ చెంచాల మీద నీ పేరు

అక్కా,

ఈరోజుకి నువ్వు పోయి ఏడాది. బావగారు దుబాయ్ వదిలి ఊరెళ్లిపోతూ, నిన్న నీ చెంచాల పెట్టె దించారు.

శుక్రవారాలు పార్కులో పెట్టే పాత సామాన్ల సంతలో వాటిని ఏరేదానివి కదా. కొన్న ప్రతిదాన్నీ తిరగేసి, చదవమని నా చేతికిచ్చేదానివి. మీ ఇంట్లో పనికొచ్చిన నేను నా అయిదో తరగతి చదువుతో వెనకున్న ఇంగ్లీషు కూడబలుక్కుని "స్వీడన్" అని చదివితే, "మా అమ్మ పెళ్లినాటి కాలానివి పిల్లా, ఇంకా ఎలా మెరుస్తున్నాయో!" అని మురిసిపోయేదానివి.

సెలవుల్లో భీమవరం తీసుకెళ్లి, గిన్నెల కొట్టులో అన్నిటి వెనకా 'సుగుణ' అని కొట్టించుకొచ్చావు. బావగారు తల పట్టుకున్నారు.

"పాడుచేశావు కదే! ఇక వీటినెవరు కొంటారు?"

"పేరు లేని స్టీలు ఇంట్లో నిలవదండీ," అన్నావు నువ్వు.

నిన్న కొనడానికొచ్చిన తెల్లావిడ నీ పేరు మీద వేలితో రుద్ది, పాలిష్ పట్టిస్తే పోతుందంది. బావగారు సరేనన్నారు. ఆయన ఎదుట ఏనాడూ నోరెత్తని నేను వంటింటి గుమ్మంలోంచే అన్నాను.

"అరగదీయించకండి బావగారూ."

ఆయన పెట్టె మూత మూసేశారు.

"ఖలాస్ మేడమ్, అమ్మట్లేదు," అని ఆవిడను పంపేసి, నావైపు తిరిగారు. "ఉంచుకో అమ్మా. అమ్మేసుంటే మీ అక్క నన్ను కల్లోకొచ్చి తిట్టేది."

ఇవాళ నీకిష్టమైన పెరుగన్నం కలిపాను. మేం చేత్తోనే తిన్నాం. నీ ఫోటో ముందు పెట్టిన కంచం పక్కన మాత్రం ఒక చెంచా ఉంచాను, బోర్లా, నీ పేరు పైకి కనపడేలా.