‘కంటే’ తెచ్చిన తంటా

అమ్మకు,
నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసా. నీ మోకాలి నొప్పి కాస్త తగ్గి, కుట్టుమిషను దగ్గర కూర్చోగలుగుతున్నావని తలుస్తాను.

“భూమి లాగుడు కంటే కరెంటు లాగుడే ఎక్కువంటావేమిటే? మరి మేడ మెట్లెక్కితే నా మోకాళ్లు లాగేస్తున్నాయే, అదేమిటి?” అని రాశావు. పడీపడీ నవ్వాను. నైలాను గుడ్డ కత్తిరించేటప్పుడు దారపు పోగులు చేతికి అంటుకుని, దులిపినా రాలవు కదా? కింద నుంచి భూమంతా లాగుతున్నా, రాపిడికి పుట్టిన పిసరంత విద్యుత్తు వాటిని వదలదు. ఒక ఎలక్ట్రానుకూ ఒక ప్రోటానుకూ మధ్య లెక్క కడితే, గురుత్వ బలం కంటే విద్యుత్ బలం ఎన్ని రెట్లో తెలుసా? సుమారుగా రెండు పక్కన ముప్పై తొమ్మిది సున్నాలు! కానీ మన ఒంట్లో ధనావేశం, రుణావేశం సరిసమానంగా ఉండి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. భూమి లాగుడును చెరిపేది ఏదీ లేదు. అందుకే నీకు మెట్ల దగ్గర ఆ బాధ.

ఉద్యోగం ఖాయమైందా అనీ అడిగావు. కాలేదమ్మా. గొడవంతా ఈ లెక్క మీదే. మా కాలేజీ పరీక్షలో “విద్యుత్ బలం కంటే గురుత్వ బలం ఎన్ని రెట్లు ఎక్కువ?” అని అచ్చయింది. ‘కంటే’ పోయి తప్పు మాటకు అతుక్కుంది. ప్రిన్సిపాల్ హుకుం ప్రకారం గుడ్డిగా ఆ సంఖ్య రాసినవాళ్లకు నాలుగు మార్కులట. “ప్రశ్నే తిరగబడింది, విద్యుత్ బలమే ఎక్కువ” అని రాసిన పదకొండు మందికి సున్నా వెయ్యాలట. సున్నా వేస్తే వాళ్లలో ఒక పిల్ల ఫెయిలవుతుంది. నాకు ఒళ్లు మండింది. పదకొండు మందికీ నాలుగేసి మార్కులు వేశాను.

ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచారు.

“ప్రశ్న ఎవరు రాశారో బయటికి రాదమ్మా. ఆ మార్కులు కొట్టెయ్. నీ ఉద్యోగం కాగితం మీద ఇప్పుడే సంతకం పెడతాను.”

“కొట్టెయ్యనండి.”

“నీకేమైనా పిచ్చా?”

“వాళ్లు రాసింది రైటండి.”

అమ్మా, ఇంతసేపూ నీ దగ్గర నాన్చిన మాట ఒకటుంది. ఆ ప్రశ్నను మన భాషలోకి తిప్పింది నేనే. ఆయన కాపాడుతున్నది నన్నే. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి వచ్చి, తెల్లకాగితం మీద “ప్రశ్నలో తప్పు నాది, రైటు రాసినవాళ్ల మార్కులు వాళ్లవే” అని రాసి, సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు అంటించాను. ఇక ఆ మార్కులు కొట్టెయ్యడం ఎవరి వల్లా కాలేదు. నన్ను మాత్రం ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారు.

ఫెయిలయ్యేదన్నానే, ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివింది. “మేడం, మీరూ తప్పు రాస్తారా?” అంది. “రాస్తాను. నువ్వు పట్టుకున్నావుగా!” అన్నాను.

తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. వెళ్లి క్షమాపణ చెప్పుకోమని మాత్రం రాయకు. తప్పుకు చెప్పేశాను. మార్కులకు చెప్పను.

ఇట్లు,
ఎవరికీ జడవని
నీ పెద్దమ్మాయి