సీసాల్లో నారింజ తొక్కలు

మార్చి 9, సోమవారం

అత్తయ్యకు,

మేనకోడలు వంగి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా తొక్కలూ క్షేమం. అక్కడ మీరూ, మావయ్యా, మీ మనవరాలూ బాగున్నారని తలుస్తాను.

ముందు మంచి కబురు. మీ రసాల కొట్టు వెనక బావి నీళ్ళు పరీక్షలో నెగ్గాయి! మన తొక్కల పొడి నింపిన డబ్బాలోంచి దిగిన నీళ్ళను మూడు నెలలు వారం వారం చూశాం. ఒక్కసారి కూడా సీసం హద్దు దాటలేదు. గురువారం బావికి తాళం తీస్తారు, మీరు కొట్టు తెరవచ్చు. డబ్బా మాత్రం తీయకండి, పొడి నెలనెలా మార్చాలి.

ఇది నా గొప్ప కాదత్తయ్యా. కిందటేడు అధికారులు వచ్చి నీళ్ళు పనికిరావని చెప్పి బావికి తాళం వేసిపోయాక, సీసం తీయడానికి తొక్కలు కావాలని మీకు ఫోన్ చేశాను. మీకు సీసం కాస్తా సీసా అని వినిపించింది. కొట్టు మూతపడినా సంచి పట్టుకుని కనబడిన రసాల కొట్టల్లా తిరిగారు. తొక్కలు తరిగి పాత సీసాల్లో కుక్కారు. బూజు పట్టకుండా, గోడలకు వేయగా మిగిలిన సున్నం కలిపి ఆ తేట పోశారు. నలభై సీసాలు! మా గైడు వాటిని చూసి ఇది ప్రయోగశాలా, పాత సామాన్ల కొట్టా అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పారేయడానికి మనసొప్పక కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టాను. అంతకుముందు నా పొడి వేస్తే నీళ్ళు టీ రంగుకు తిరిగేవి, సీసం సగమే పోయేది. మీ తొక్కల పొడితో నీళ్ళు తేటగా దిగాయి. సీసం దాదాపు అంతా తొక్కకే అంటుకుపోయింది. అంతా సున్నం మహిమ. నేను ఏడాదిన్నరగా పుస్తకాల్లో వెతుకుతున్నది మీరు పొరపాటున చేసి పెట్టారు. ఇప్పుడు గైడే మీ సీసాలెప్పుడొస్తాయని రోజూ నన్ను వేపుకు తింటున్నారు.

నాది తొక్కలో చదువని మావయ్య నవ్వేవారు. అక్షరాలా అంతేనని ఒప్పుకున్నానని చెప్పండి. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మీ తొక్కల పిల్ల

తా.క. బావి మీద అర్జీ పెట్టిందెవరో అని మీరు వీధంతా ఆరా తీశారు. నేనే అత్తయ్యా. ఊరికే చూద్దామని మీ బావి నీళ్ళు పట్టుకెళితే సీసం హద్దుకు నాలుగింతలుంది. మీ మనవరాలు ఆ నీళ్ళే తాగుతోంది. మీకు చెబితే, ఇన్నేళ్ళూ తాగాం మాకేమైందే అని కొట్టిపారేస్తారని భయపడ్డాను. తాళం పడిన రోజు మీరు మిగిలిన నారింజలు పిండి, నాకు గ్లాసు అందిస్తూ, ఆ అర్జీ రాసిన చెయ్యి పడిపోవాలన్నారు. గ్లాసు అందుకున్నది ఆ చెయ్యే.