మూడో చరణం

అమ్మమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా బాగున్నారని మొన్న ఫోన్లో అమ్మ అరిచిన అరుపును బట్టే తెలిసింది. ఒంట్లో బాగాలేని మనిషి అంతసేపు ఊపిరి తీసుకోకుండా తిట్టలేదు.

ముందు నా కడుపులో మంట చెప్పేస్తాను. లేకపోతే ఉత్తరమంతా దాని పొగే వస్తుంది. మనింట్లో నేనేం చేసినా, ఎందుకు చేశానో నాకంటే ముందే మీరు కనిపెట్టేస్తారు. మంచి ఉద్యోగం వదిలేసి ఈ పాత సినిమాలు బాగుచేసే స్టూడియోలో చేరితే 'ఎవరినో చూసుకుని వెళ్ళింది' అన్నారు. ఎన్నాళ్ళకీ ఆ ఎవరో రాకపోయేసరికి 'పోనీలే, పిచ్చి' అని సరిపెట్టుకున్నారు. ఇప్పుడు నీ పాట గురించి ఒక్క ప్రశ్న అడిగానో లేదో, 'పెళ్ళి మాట ఎత్తిందని అమ్మమ్మ మీద కక్ష కట్టింది' అని తేల్చేశారు. మావయ్యైతే ఇంకో మెట్టెక్కి, ముసలావిడకు దక్కే ఆ కాస్త పేరు చూసి ఓర్వలేకపోతున్నానన్నాడట. నువ్వూ రాశావు, 'చదువుకున్నవాళ్ళకి అన్నీ అనుమానాలే' అని. పక్కన కూర్చుని అమ్మ చెప్పి రాయించిందేమో అనుకుందామని చూశాను. కానీ చేతిరాత ఎక్కడా వణకలేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. గదిలో తేమ తగ్గింది. కిటికీ తలుపు బాగుచేయించాను, ఇప్పుడు తెరవడానికి రాదు కానీ మూయడానికి వస్తుంది. స్టూడియో కింద ఉన్న బట్టలుతికే దుకాణంవాళ్ళు కొత్త మిషను పెట్టారు. అది తిరిగినంతసేపూ మా నేల వణుకుతుంది, మేం చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి టీ తాగుతాం. దగ్గు తగ్గింది.

ఇక నీ అసలు ప్రశ్న. 'నా పాట బొమ్మకు అతికించడం అయిందా?' అని అడిగావు. రెండో పేజీలో 'ఆ రీల్లో పాత శబ్దం పూర్తిగా పోయినట్టేనా?' అన్నావు. చివర సంతకం పెట్టాక, అంచున అడ్డంగా, 'పాత శబ్దం ఇక వినపడదుగా?' అని మళ్ళీ రాశావు. ఒక్క సంగతిని మనిషి మూడుసార్లు అడిగిందంటే, జవాబు కోసం కాదు, భయంకొద్దీ అడుగుతుంది.

నీకు తెలిసిన కథే అయినా నా వైపు నుంచి విను. ఆ పాట ఉన్న హిందీ సినిమా కాపీ ఎక్కడా లేదనే ఇన్నేళ్ళూ అందరూ అనుకున్నారు. మిగిలింది నీ గ్రామఫోన్ రికార్డొక్కటే. దాని మీద పాడినవాళ్ళ పేరు లేదు, సినిమాలో కథానాయిక పాత్ర పేరు మాత్రం వేశారు. ఆ రోజుల్లో అదే రివాజట. నా చిన్నప్పుడు ఒక పత్రికాయన ఆ రికార్డు చంకలో పెట్టుకుని మనింటికొచ్చి, 'ఈ గొంతు మీదేనా అమ్మా?' అని అడిగాడు. నువ్వు 'నాదే' అన్నావు. నేను తలుపు పక్కనే ఉన్నాను. ఆయన వెళ్ళి, సినిమాలో ఆ పాట పాడిన గాయని దొరికిందని రాశాడు. అప్పట్నుంచి నువ్వు ఆ పాట గాయనివి.

ఇప్పుడు మూసేసిన ఒక సినిమా హాలు గోదాములో ఆ సినిమా కాపీ దొరికింది. అది మా బల్ల మీదికే వచ్చింది. వచ్చే శుక్రవారం ఆట, ఆటకు ముందు నీకు సన్మానం. మావయ్య అందరికీ టిక్కెట్లు కొనేశాడు, ఆఫీసులో అందరికీ చెప్పేశాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

రీలు డబ్బా మూత తీస్తే పులిసిపోయిన వాసన వేసింది. ఫిల్ము అంచున, బొమ్మల పక్కన, శబ్దం సన్నటి తెల్లగీతలా ఉంటుంది. పాట ఉన్నచోట ఆ గీతకు బూజు పట్టింది. మా స్టూడియో పెద్దాయన కాస్త విని మొహం చిట్లించాడు.

"అమ్మాయ్, ఈ గరగర వింటూ ఎవడు కూర్చుంటాడు? రికార్డు శుభ్రంగా ఉందిగా. దాన్నే బొమ్మ కింద వేసెయ్. రికార్డులో గొంతూ మీ అమ్మమ్మదే, సినిమాలో గొంతూ మీ అమ్మమ్మదే. ఈ జేబులోది తీసి ఆ జేబులో వేసుకోవడమేగా."

సరేనన్నాను. చేశాను కూడా. కానీ పెదవులకు నీ గొంతు కుదరలేదు. కథానాయిక ఖాళీ ఇంట్లో ఒక్కో కిటికీ మూస్తూ పాడుతుంది, చూశావో లేదో. ప్రతి వరుసలోనూ నువ్వు ముందే అందుకుంటావు, ఆవిడ పెదవులు తర్వాత తెరుచుకుంటాయి. నువ్వంతే కదా, తాళం కంటే ముందే దూకుతావు. నువ్వు జోలపాట పాడితే పిల్లాడికంటే ముందు పాట నిద్రపోతుందని తాతయ్య వెక్కిరించేవాడు. నీ గొంతును మాట మాటా విడదీసి, వెనక్కి జరిపి, సాగదీసి, ఎలాగో పెదవుల మీద కూర్చోబెట్టాను. రెండు చరణాలు అయిపోయాయి. అక్కడ రికార్డు ఆగిపోయింది. తెర మీద కథానాయిక మాత్రం ఇంకా పాడుతూనే ఉంది.

రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి మూడో చరణం వదిలేశారు. చిన్నప్పుడు నీ ఒళ్ళో కూర్చుని 'అంతేనా?' అంటే, 'అంతే, ఈ పాటకు రెండే' అనేదానివి. 

పెద్దాయనకు చూపించాను. "మూడోది ఉందని ఎవడికి తెలుసు? కత్తెర నీ చేతిలోనే ఉందిగా" అన్నాడు.

కత్తిరించేముందు అందులో ఏముందో విందామనిపించింది. కింద మిషను ఆగేదాకా ఆగి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బూజు కింది గొంతును విన్నాను.

అది నీ గొంతు కాదు.

తాళం వెనకాల, తీరిగ్గా, గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికొచ్చే మనిషిలా వచ్చే గొంతు. మొదటి చరణానికి పోయి మళ్ళీ విన్నాను. అక్కడా అదే. పెదవులకు అతికినట్టు సరిపోయింది, ఆ గొంతు వింటూనే ఆవిడ పెదవులు కదిపింది కాబట్టి.

ఆ గొంతు ఎవరిదో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెప్పింది నువ్వే. హిందీ ఒక్క ముక్క రాకుండా, మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని కోరస్‌లో పాడిన రోజుల గురించి చెప్పేటప్పుడల్లా నీతోపాటు పాడిన పొడుగమ్మాయి మాట వచ్చేది. అభ్యాసం చేసే హాల్లో నేల మీద ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకునేవారు. ఆవిడ కాళ్ళు బయటికొచ్చేవి, నీకు తల బయటికొచ్చేది కాదు. ఆవిడ పాడితే సంగీతం మాస్టారు, 'పాట వీధి చివరికెళ్ళిపోయింది, నువ్వింకా ఇంటికి తాళం వేస్తున్నావు' అనేవాడు. నీ మాట వచ్చేసరికి, 'ఇది ముందు దూకుతుంది, అది వెనక పడుతుంది, రెంటినీ కలిపి కట్టేస్తే ఒక మనిషి పాడినట్టుంటుంది' అనేవాడు. నువ్వు నవ్వీ నవ్వీ దగ్గేదానివి. ఆవిడ తర్వాత ఏమైందని అడిగితే మాత్రం, ఒకసారి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందన్నావు, ఒకసారి జ్వరమొచ్చి పోయిందన్నావు. పిల్లలు మర్చిపోతారనుకుంటారు పెద్దవాళ్ళు.

ఎలా జరిగిందో పాత సినిమాలు తెలిసినవాళ్ళను అడిగాను. అది దొంగతనమేమీ కాదట. ఒక రికార్డు కంపెనీకి మాటిచ్చిన గాయని ఇంకో కంపెనీకి పాడకూడదు. కాబట్టి సినిమాలో ఒకరు పాడితే, అదే పాటను రికార్డు కోసం ఇంకొకరి చేత పాడించడం మామూలే. పొడుగమ్మాయి సినిమాకు పాడింది, ఆవిడ మాటిచ్చింది వేరే కంపెనీకై ఉంటుంది. రికార్డు వేళకు కోరస్‌లోంచి నిన్ను పిలిచారు. నువ్వు బాగా పాడావు. అందులో నీ తప్పు వీసమంత కూడా లేదు.

అందుకే పోయిన ఉత్తరంలో సూటిగా అడిగాను, సినిమాలో పాడింది పొడుగమ్మాయేనా అని. నువ్వు నా దగ్గు గురించి రాశావు, కిటికీ గురించి రాశావు, ఆ ఒక్కదానికే జవాబు రాయలేదు. నీ ఉత్తరం అందిన రోజే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, ఉందో పోయిందో తెలియని మనిషి గురించి నీకెందుకే?"

"పాడింది ఆవిడైతే చెప్పాలి కదమ్మా."

"ఇన్నేళ్ళలో వచ్చి అడిగిందా? అడగనివాళ్ళ తరఫున నీ వకాల్తా ఏంటి?"

"అమ్మమ్మ ఏమంది?"

"ఏమంటుంది? నీ ఉత్తరం చదివి కంచం ముందునుంచి లేచిపోయింది. శుక్రవారం అందరి ముందూ ఆవిడ గుండెకేమైనా అయితే, ఆ పాపం నీదే, నీ చదువుదే."

ఫోన్ పెట్టేశాక మెట్ల మీదే కూర్చుండిపోయాను. నీ గుండె సంగతి నాకు తెలియదా? మందుల చీటీ నాకే కంఠతా వచ్చు. నోరు మూసుకుని కత్తిరించేస్తే ఎవరికీ నష్టం లేదని నాకు నేనే నచ్చజెప్పుకోబోయాను. కానీ ఎంత వెతికినా ఆవిడ పాడిన ఇంకో పాట గానీ, రికార్డు గానీ దొరకలేదు. ఈ లోకంలో ఆ గొంతు ఉన్నది ఆ బూజు గీతలో ఒక్కచోటే. దాని మీద నీ గొంతు పరిచేస్తే ఆవిడ ఎన్నడూ పాడనట్టే. పైగా ఆ పని నీ మనవరాలి చేత్తో.

ఇంకొకటి ఉంది, అమ్మమ్మా. ఎవరికీ చెప్పలేదు. మూడో చరణంలో కథానాయిక చివరి కిటికీ మూయకుండా వదిలేస్తుంది. వీధిలో పోతున్న ఆడపిల్లలు బయటినుంచి బదులు పాడతారు. ఒకటే మైకు కదా ఆ రోజుల్లో, కోరస్‌ను ఎంత వెనక నిలబెట్టారో వింటేనే తెలుస్తుంది. ఆ గుంపులో అందరూ ఒక్కసారి అందుకుంటే, ఒక్క గొంతు మాత్రం రవ్వంత ముందే దూకింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. పొడుగమ్మాయి నింపాదిగా ముగిస్తోంది, నువ్వు ఆగలేక ఆవిడ మాట మీదికే వచ్చేశావు. ఆ చరణం కత్తిరిస్తే పోయేది ఆవిడొక్కతే కాదు.

ఇక దాచింది చెప్తాను. నీ గొంతు అతికించిన కాపీని చెరిపేశాను. దాని నకలూ చెరిపేశాను. అసలు రీలుకు ఏమీ కాలేదు, రికార్డుకూ ఏమీ కాలేదు. సినిమా సొంత శబ్దాన్నే వీలైనంత శుభ్రం చేశాను. రేకు మీద చినుకులు పడుతున్నట్టు ఇంకా కొంత చప్పుడుంది, అది పోదు. ఇవాళ పొద్దున ఆ కాపీయే హాలుకు వెళ్ళింది. పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, "అమ్మాయ్, పాటలో గొంతు బాగా వచ్చిందా?" అన్నాడు. "చాలా బాగా వచ్చిందండీ" అన్నాను. ఎవరి గొంతని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పత్రికాయనకు నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఆ నేర్పు ఎక్కడిదో మావయ్యకు తెలిస్తే కాస్త సంతోషిస్తాడేమో.

అయితే సగం చెప్పి ఊరుకోవడం ఎంత తేలికో నాకు మెట్లు దిగేలోపే అర్థమైంది. మిగిలిన సగాన్ని నువ్వు ఇన్నేళ్ళు ఎలా మోశావో కూడా. అందుకే రేపు పొద్దున ఆయన గదిలోకెళ్ళి, మిగిలిన సగం కూడా చెప్తాను. ఉద్యోగం ఉంచితే ఉంచుతాడు, తీసేస్తే గది ఖాళీ చేసి ఇంటికొస్తాను. ఆ రావడం పెళ్ళి కోసం మాత్రం కాదని అమ్మకు చెప్పు.

శుక్రవారం మూడు చరణాలూ వేస్తున్నాం. పాట మొదలయ్యేముందు తెర మీద పేర్లు వస్తాయి, ఆ కాపీలోనే చేర్చేశాను. సినిమాలో పాడింది ఆవిడ అని మొదట ఉంటుంది, రికార్డుకు పాడింది నువ్వని తర్వాత, కోరస్‌లో కూడా నువ్వని ఆ కింద. పొడుగమ్మాయి అసలు పేరు నువ్వే ఒకసారి చెప్పావు, అంత పొడుగు పేరేంటని నేను నవ్వాను. ఇక్కడ రాయను.

వేదిక మీద కళ్ళజోడు పెట్టుకోనా, తీసేయనా అని అడిగావు. పెట్టుకునే రా. చదవాల్సింది ఉంది.

ఇట్లు,
నీలాగే ముందు దూకే
నీ మనవరాలు