మొసలి ముట్టని కోడి

ప్రేమగల అక్కకు, గోదావరి ఒడ్డు నుంచి నీ చెల్లెలు చంద్రకళ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, మీ మరిది, మంజుల ముగ్గురం బాగానే ఉన్నాం. మంజుల బాగుంది, ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింద రాసింది చదివితే నువ్వు భయపడతావు. బావ నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు ఎలా ఉన్నారు? మీ అత్తమ్మ కంటికి ఆపరేషన్ చేయించారా? అన్నీ రాయి.

కిందటి ఉత్తరంలో నువ్వు మంజులను పంపించమన్నావు. నాలుగేళ్ల పిల్లను ఏటి ఒడ్డున పెట్టుకొని ఏం పని చేస్తావని తిట్టావు. నాకు కోపం వచ్చి, నా బిడ్డను నేను చూసుకోలేనా అని గట్టిగానే జవాబు రాశాను. అది మనసులో పెట్టుకోకు అక్కా. ఆ ఉత్తరం డబ్బాలో వేసి వారం తిరగలేదు, నాకు నిద్ర లేకుండా పోయింది.

బొగ్గు బాయిల దగ్గరికి పోయి ఇసుక మోయడమేమిటని బావ నవ్వాడట కదా. భూమి కింద బొగ్గు తీసేశాక ఆ ఖాళీని ఈ గోదావరి ఇసుకతోనే నింపుతారు, లేకపోతే పైకప్పు కూలుతుంది. అందుకే మేం పదిమందిమి పొద్దున్నే ఏట్లో తోడి, ఒడ్డున కుప్ప పోస్తాం. ట్రాక్టర్లు వచ్చి ఎత్తుకుపోతాయి. ఎండ మాత్రం మన పాలమూరు ఎండను మించింది. ఎనిమిది గంటలకే ఇసుకలో కాలు పెట్టలేం. రొట్టె చేసే ఓపిక లేక రెండు పూటలా అన్నమే తింటున్నాం. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు మిరపకాయలు పంపు, ఇక్కడివి ఎర్రగా ఉంటాయి తప్ప కారం ఉండదు.

ఇక అసలు సంగతి. మూడు వారాల కిందట ట్రాక్టరు చెడిపోయి నాలుగు రోజులు రాలేదు. తోడిన ఇసుకంతా మా రేకుల షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో, తడి తగలని ఎత్తయిన జాగా చూసి పోశాం. మర్నాడు పొద్దున కుప్ప పక్కన ఒక మొసలి పడుకొని ఉంది. మనిషికి రెండింతలుంది. నోరు బార్లా తెరిచి, కదలకుండా పడుకుంది. నా చేతిలో చెంబు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. మంజులను చంకనేసుకొని షెడ్డులోకి పోయి తడిక వేశాను. తడికతో మొసలి ఆగుతుందా అని మీ మరిది అన్నాడు. నాకూ తెలుసు, కానీ ఏం చేయను?

మధ్యాహ్నం నీళ్లలోకి పోయింది, పొద్దు వాలేసరికి మళ్లీ వచ్చింది. మర్నాడూ అంతే. మా మేస్త్రీ ఇక్కడివాడే. "గంగమ్మకు కోపమచ్చింది, కోడిని కోద్దాం" అన్నాడు. పసుపు కుంకుమ చల్లి, కోడిని కోసి దాని ముందుకు విసిరారు. అది ముట్టలేదు. ముక్కు ముందు కోడి పడి ఉన్నా తల తిప్పలేదు. అప్పుడు మేస్త్రీ మొహం పాలిపోయింది.

"కోడిని సుత ముట్టలేదంటే మనిషి కోసమే అచ్చినట్టు" అన్నాడు.

అక్కా, ఆ మాటతో నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆడవాళ్లందరం మంజుల వైపే చూశాం, అక్కడ ఉన్నవాళ్లలో చిన్నది అదే కదా. ఆ రోజు నుంచి దాని నడుముకు పాత చీర కొంగు కట్టి, రెండో కొన నా నడుముకు కట్టుకొని పని చేశాను. అందరూ నవ్వారు, నవ్వనీ అనుకున్నాను.

నాలుగో రోజు పోశం కాక వచ్చాడు. ఇక్కడ చేపలు పట్టే ముసలాయన. కోడిని చూశాడు, కుప్పను చూశాడు, తల కొట్టుకున్నాడు.

"గది ఆకలికి రాలే బిడ్డా. దాని గుడ్లున్నయి గీడ. తడి తగలని జాగ మీరెట్ల సూసిన్రో గదీ గట్లనే సూసింది. మీరు పోయి గుడ్ల మీదనే కుప్ప వోసిన్రు."

"మరి నోరెందుకు తెరుస్తది కాకా?" అని అడిగాను.

"దానికి చెమట పట్టది. నోరు తెరిస్తెనే సల్లగైతది. నిన్ను తినుడుకు కాదు."

ఆయన ఇంకా చెప్పాడు. అది నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదట. దాని కడుపులో రాళ్లుంటాయట, మింగి దాచుకుంటుంది. గుడ్డులో ఉన్నది మగదో ఆడదో ఇసుక వేడిని బట్టి తేలుతుందని అడవి ఆఫీసు మనిషి ఆయనకు చెప్పాడట. ఇది విని నాకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. వరసగా ఆడపిల్లలేనా అని నిన్ను దెప్పిన మీ అత్తమ్మను ఓ పూట ఈ ఇసుకలో కూర్చోబెట్టాలి.

"పిల్లలు తయారైనంక గుడ్డులకెల్లే పిలుస్తయి. తల్లి ఇని అచ్చి తోడుతది. గీ కుప్ప ఉంటె ఎట్ల తోడుతది? జల్ది తియ్యున్రి. పిలుపు ఇన్ననాడు మాత్రం జెర దూరముండున్రి" అన్నాడు.

ట్రాక్టరు వచ్చేదాకా ఆగుదామని మేస్త్రీ అన్నాడు. నేను మీ మరిదిని సతాయించాను. చివరికి మొసలి నీళ్లలోకి దిగిన వేళ చూసుకొని నలుగురం పారలతో కుప్పను పక్కకు లాగేశాం. మోచెయ్యి లోతు ఇసుక మిగిలాక పోశం కాక చాలన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు ఏమీ జరగలేదు. మొసలి వచ్చేది, పడుకునేది, పోయేది. మాకూ కొంచెం అలవాటైంది. కొంగు కట్టడం మానేశాను. తప్పంతా అక్కడే చేశాను.

మొన్న ఆదివారం పొద్దు గూకే వేళ పొయ్యి అంటిస్తున్నాను. వెనక మంచం మీద మంజుల లేదు. బయటికొచ్చి చూస్తే గుడ్లున్న ఆ జాగా దగ్గర నిలబడి ఉంది, గౌను కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకొని. తల్లి మొసలి ఎప్పుడొచ్చి తోడిందో, ఇసుక అంతా తోడేసి ఉంది. కోడిపిల్లకు గొంతు బొంగురుపోతే ఎలా అరుస్తుందో అలాంటి అరుపులు గౌనులోంచి వస్తున్నాయి.

"అమ్మా, గివి ఏడుస్తున్నయి. పాలు పోద్దమా?" అంటూ నా వైపు నడిచింది.

దాని వెనక, నీళ్లలోంచి మొసలి వచ్చింది. మొసలి పాకుతుందనుకునేదాన్ని. కాదక్కా. నాలుగు కాళ్ల మీద కడుపు పైకెత్తి నడిచింది, పశువు నడిచినట్టు. బిడ్డ ఎంత నడిస్తే అదీ అంత నడిచింది. పరుగెత్తమంటే పడిపోతుందేమోనని భయం. ఎలా వెళ్లానో తెలియదు, వెళ్లి గౌను ఒక్క గుంజు గుంజాను. రెండు పిల్లలు ఇసుకలో పడ్డాయి, జానెడుకు కాస్త ఎక్కువుంటాయి. మంజులను ఎత్తుకొని వెనక్కి వెనక్కి నడిచాను. వీపు షెడ్డు రేకుకు తగిలింది, ఇంక పోవడానికి జాగా లేదు.

అది ఆగింది. నోరు తెరిచి ఒక పిల్లను అందుకుంది. నోరు మూసింది. తర్వాత రెండోదాన్ని. పళ్ల సందులోంచి చిన్న తోక కదలడం కనిపించింది. మా వైపు చూడనైనా చూడకుండా నీళ్లలోకి పోయింది. మంజుల కేక పెట్టింది. "పిల్లలను అమ్మనే తిన్నది, అమ్మనే తిన్నది" అని రాత్రంతా ఏడ్చింది. పొద్దున అన్నం ముద్ద పెట్టబోతే తల పక్కకు తిప్పుకుంది. ముద్దు పెట్టుకోబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మొసలిని చూసినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

పోశం కాక విని నవ్వాడు. "తినలే బిడ్డా. గట్లనే మోస్తది, నోట్లె పెట్టుకొని. ఒక్క పన్ను సుత తాకనియ్యది. పా, సూపిస్త" అని మంజులను భుజమెక్కించుకొని గట్టు మీదికి తీసుకుపోయాడు. నిజమే అక్కా. మడుగులో దాని తల మీద, వీపు మీద పిల్లలు ఎక్కి ఉన్నాయి. మంజుల వేళ్ల మీద లెక్కపెట్టి, పది దాటాక రాక మానేసింది. ఇంటికొచ్చి నా చేతి ముద్ద తిన్నది.

నువ్వు ఇక భయం పోయిందనుకుంటావు. మంజులకు పోయింది. అదే నా భయం. పొద్దున లేస్తూనే పిల్లల్ని చూస్తానని నీళ్ల వైపు పరుగెత్తుతుంది. మొసలి మంచిది, తినదు, మోస్తదని నాకే చెబుతోంది. వద్దని కొట్టాను కూడా. కొడితే ఏడ్చి, నేను గిన్నెలు తోముతుంటే మళ్లీ పోయింది. వానలు పడేదాకా ఈ పని వదిలి రాలేం. ఆ తల్లి కూడా పిల్లల్ని వదిలి కదలదట.

కాబట్టి అక్కా, ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన బాలమణి వెంటే మంజుల ఉంది. బాలమణి మాతో పనిచేసేదే, కాన్పుకు మన పక్క ఊరికే వస్తోంది, మంచి మనిషి. రేపు నేను తెల్లారే పనికి పోయినట్టు పోతాను, బస్సు దాకా రాను. వస్తే పంపలేను. నిన్ను అన్న మాటలకు క్షమించు. బావకు, మీ అత్తమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ మరిది అందరినీ అడిగినట్టు రాయమన్నాడు. మీ దీవెనలు మా మీద ఉండాలి.

మంజుల పాలు చల్లగా తాగదు, కాస్త వెచ్చబెట్టు. బావి దగ్గరికి ఒంటరిగా పోనివ్వకు. రాత్రి నిద్రలో ఒకసారి "అమ్మా" అంటుంది, కళ్లు తెరవదు. "ఊ" అంటే చాలు, మళ్లీ పడుకుంటుంది. నువ్వు ఊ అను అక్కా. ఇక్కడి నుంచి నాకు వినపడదు.

నీ చెల్లెలు
చంద్రకళ