పసుపు దారం సాళ్ళు

1985 సెప్టెంబరు 23, సోమవారం

ఆసామి విత్తనాల పత్తి పూతకొచ్చింది. ఈ రోజు నుంచి క్రాసింగ్ పని. పాలమూరు కూలీల ముఠా కూడా దిగింది. ఇరవై మంది దాకా ఉన్నారు, గట్టున తాటాకు గుడిసెలు. మా పేట ఆడవాళ్ళకి ఒళ్ళు మంట. "మన నోటికాడ కూడు లాక్కోటానికి దిగారు" — రత్తమ్మ. మేస్త్రి వాళ్ళలో ఒకామెను తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. చెన్నమ్మట. మక్తల్ దగ్గర పల్లెట. "మరియమ్మా, నాలుగేళ్ళ నుంచి చేస్తున్నావు, ఈవిడకి నువ్వే నేర్పు." నాకేం సరదా కాదు. తల ఊపాను.

సెప్టెంబరు 24

నేర్పాను. సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గ పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో రేకులు వలవాలి. లోపలి కాడ చుట్టూ ఉన్న పుప్పొడి గింజలన్నీ గీకేయాలి — ఒక్కటి మిగిలినా విత్తనం కల్తీ. ఎర్ర కాగితం గొట్టం తొడగాలి. తెల్లారాక గొట్టం తీసి, పక్క మడిలో మగపువ్వు తెంపుకొచ్చి అద్ది, తొడిమకి దారం కట్టాలి. ఎవరి సాళ్ళు వాళ్ళవి, ఎవరి రంగు వాళ్ళది. తప్పు జరిగితే ఎవరిదో తెలియాలిగా. నాది నీలం. ఆమెకి పసుపు ఇచ్చారు.

"గిదంత పెండ్లి లెక్కనే ఉందక్కా" అంది, దారం చూసుకుంటూ. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

సెప్టెంబరు 28, శనివారం

రేపు ఆదివారం, చర్చిలో ఆరాధన. ఈ సాయంత్రం వలిచిన మొగ్గకి రేపు పొద్దున పుప్పొడి అద్దకపోతే అంతే సంగతులు. పువ్వుకి ఆరాధన తెలియదు. పోయినేడు రత్తమ్మ కూతురు ఉండిపోయి నా సాళ్ళు కూడా చూసేది. ఈ ఏడు దానికి కాన్పు. చెన్నమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆమే అంది — "గుడికి పోతవ్ గద. నీ సాళ్ళు నేను జూస్త తియ్యి. నీ నీలం దారమే కడ్త."

సెప్టెంబరు 29

చేసింది. ఒక్క పువ్వు వదల్లేదు. చర్చిలో కూర్చున్నంతసేపూ నా మనసు చేలోనే ఉంది.

అక్టోబరు 4

రాస్తే నిజమవుతుందేమోనని ఇన్నాళ్ళూ రాయలేదు. పొద్దు వాలాక పుప్పొడి గింజలు నా కంటికి ఆనడం లేదు. వేలికి తగిలినవే తీస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే రేపటి నుంచి ఎవరూ పిలవరు. మంచంలో అత్త, పొయ్యి మీద ఎసరు... రెంటికీ నేనే దిక్కు.

అక్టోబరు 9

విత్తనాల కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. నా సాళ్ళలో పది పూలు విప్పి చూశాడు. "మరియమ్మ పని చూసి నేర్చుకోండి" అన్నాడు అందరితో. వేళ్ళకే కళ్ళున్నాయి కాబోలు నాకు. కొంచెం పొంగిపోయాను, అబద్ధం ఎందుకు. చెన్నమ్మ కాగితం గొట్టాలు చుడుతూ కూర్చుంది. తల ఎత్తలేదు.

అక్టోబరు 13, ఆదివారం

ఆరాధన అయ్యాక గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాను. జొన్నరొట్టె పెట్టింది. ఒకే గిన్నెలో తిన్నాం. రత్తమ్మ చూసింది, మూతి తిప్పుకుంది. చెన్నమ్మ ఊళ్ళో బావి ఎండి రెండేళ్ళట. మేకలు పోయాయి. "ఈడ పని ఉన్నన్ని దినాలే మా తిండి. ఆడికి పోతే మన్నే" — ఏడుపు లేదు గొంతులో. వాన వచ్చేట్టుంది అన్నట్టు చెప్పింది.

సాయంత్రాలు అందరం ఇంటిదారి పట్టినా ఆమె ఇంకా చేలోనే ఉంటోంది. ఎందుకే అంటే, "గుడిసెల ఉక్కపోత అక్కా."

అక్టోబరు 21, సోమవారం

వాళ్ళకి సద్దుల బతుకమ్మ. పొద్దున్నే రోడ్డు పక్కనుంచి తంగేడు పూలు ఒళ్ళో నింపుకొచ్చింది. మొగ్గలు వలిచే వేళకే వాళ్ళు కాలవకి వెళ్ళాలి. వెళ్ళనా వద్దా అని నిలబడింది. "పో. నీ సాళ్ళు నేను వలుస్తాను" అన్నాను. "మీ దేవుడేమనడు గద?" "ఆయనకి పత్తి పని తెలియదులే."

నా సాళ్ళు అయ్యాక ఆమెవి మొదలెట్టాను. అప్పటికే పొద్దు గూకింది. కాలవ దగ్గర పాట వినిపిస్తూనే ఉంది. తడుముకుంటూ వలిచాను.

అక్టోబరు 22

పొద్దున ఆమె వచ్చి పుప్పొడి అద్ది, పసుపు దారాలు కట్టుకుంటూ పోయింది. నా చేతిని నమ్మింది కాబోలు, చూసుకోలేదు. పదింటికి సూపర్‌వైజరు. నా సాళ్ళు చూడకుండానే దాటేశాడు — మరియమ్మ పనేగా! పసుపు సాళ్ళలో ఆగాడు. ఒకటి విప్పాడు, ఇంకొకటి, ఇంకొకటి. అన్నింట్లోనూ గింజలు.

"ఈ పసుపు దారం ఎవరిది?"

"నాది సారూ."

అంతే అంది. నా వైపు చూడనైనా లేదు. నేను మూడు సాళ్ళ అవతల ఉన్నాను. నీలం దారం ముడి వేస్తూ ఉన్నాను. వేస్తూనే ఉన్నాను.

అక్టోబరు 23

పత్తి తీతకి ఇంకో ముఠాను తేవడానికి ఆదివారం లారీ పాలమూరు వెళుతోంది. అందులో చెన్నమ్మను దింపేస్తారట. అందాకా మందు కొట్టేవాళ్ళకి నీళ్ళు మోయాలి. ఎదురుపడితే "రంది పెట్టుకోకక్కా" అంది, నన్నే ఓదారుస్తూ. నాకు సిగ్గేసింది. తప్పుకుని నా సాళ్ళలోకి దిగిపోయాను.

ప్రభువుని ఎరగనని బొంకిన పేతురుకి కోడైనా కూసింది.

అక్టోబరు 24

ఈ రోజు సూపర్‌వైజరు నా సాళ్ళలో ఆగాడు. "ఏంటి మరియమ్మా, నీలంలో కూడా?" పదింట్లో ఆరు చెడ్డవి.

ముందు అర్థం కాలేదు. నా కళ్ళు ఈ రెండు రోజుల్లో చెడిపోలేదు. నెల్లాళ్ళ నుంచీ ఇలాగే ఉన్నాయి. మరి నా సాళ్ళు ఇన్నాళ్ళూ శుభ్రంగా ఎలా ఉన్నాయి?

చెన్నమ్మ బిందెతో వస్తుంటే దారిలో పట్టుకున్నాను. "సాయంత్రాలు ఉండిపోయేది ఇందుకా? నా వెనకాల మిగిలినవి తీసేదానివా?"

"నీకు ఆనలే, నేను తీసిన. గంతే గద."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు పని మానుతవ్. నాకు నేర్పినదానివి నువ్వు."

బతుకమ్మ రోజే మొదటిసారి నా వెనకాల ఆమె లేదు. ఆనాటి పనే పట్టుబడింది, అదీ ఆమె పేరు మీద. ఇంటికొచ్చి అత్తకి గంజి తాగించాను. ఏడ్చాను.

అక్టోబరు 25, శుక్రవారం

ఆసామి వరండా మెట్ల దగ్గర నిలబడి చెప్పాను. "ఆ పసుపు సాళ్ళు వలిచింది నేనండి. నాకు కళ్ళు ఆనటంలేదండి." పేపరు దించలేదు. "సూపర్‌వైజరు మాట మీద తీసేశారు, ఆయనే పెట్టుకోవాలి. ఆదివారం తొమ్మిదింటికి వస్తాడు, చెప్పుకో." లారీ ఎన్నింటికండీ అన్నాను. "ఎనిమిదింటికి." పేజీ తిప్పుతూ — "కళ్ళు కనపడనిదానివి పనికెందుకొచ్చావ్?"

నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు. అవలేదు.

అక్టోబరు 26

ఊరంతా తెలిసిపోయింది. నన్నింకా పనిలోంచి తీసెయ్యలేదు. రత్తమ్మ చేలోనే దులిపేసింది. "పాలమూరు దానికోసం నీ కూడు నువ్వే తన్నుకుంటావటే!" విన్నాను. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "లారీ ఎన్నింటికే?" అంది. ఎందుకడిగిందో చెప్పలేదు.

పొద్దు వాలాక చెన్నమ్మ వచ్చింది. బిందె గట్టున పెట్టి నా సాళ్ళలో దిగింది, ఈసారి దాపరికం లేకుండా. మొగ్గలన్నీ ఆమే వలిచింది, నేను గొట్టాలు తొడిగాను. "రేపు అద్దు. మర్సిపోకు" అని తన పసుపు దారం కండె నా చేతిలో పెట్టి వెళ్ళింది. మేస్త్రికి ఇచ్చేయమని.

అక్టోబరు 27, ఆదివారం

మొదటి గంట కొట్టారు. ఆరాధన చీర కట్టుకున్నాను. బైబిలు సంచిలో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

లారీ ఎనిమిదింటికి. సూపర్‌వైజరు తొమ్మిదింటికి. మధ్యలో ఒక గంట. ఆ గంటసేపు లారీకి అడ్డంగా నిలబడాలి. మేస్త్రి తిడతాడు. తిట్టనీ.

ఎండెక్కేసరికి నిన్నటి మొగ్గలకి పుప్పొడి అద్దాలి. సాళ్ళు నావి, పని ఆమెది. ఏ దారం కట్టాలో... నీలం కండె, పసుపు కండె, రెండూ కొంగున ముడేసుకున్నాను.

రోడ్డు మీద లారీ హారన్. ఇంకా ఏడున్నరే —