సంతకం పెట్టని కడుపు కోత

తమ్ముడూ, దీవెనలు. ఏడుపు ఆపమని అమ్మకు చెప్పు.

నా కడుపులోది ఏ రకం క్యాన్సరో ముక్క తీసి చేసిన పరీక్షలో తేలకపోయినా, జీర్ణాశయమంతా తీసేద్దామన్నాడు పెద్ద డాక్టరు. "రకం తేలేదాకా కత్తి పెట్టనివ్వను" అని నేను సంతకం చేయలేదు. స్కాన్లు చూసే డాక్టరమ్మ నా ఫిల్ములు మళ్ళీ వెలుగులో పెట్టి చూసింది. "కడుపు గోడ ఇంత మందమెక్కినా బిగుసుకుపోలేదు, పక్క అవయవాలకు అంటుకోలేదు. ఇది లింఫోమా అనే వేరే రకంలా ఉందమ్మా, ఇంకో ముక్క తీయిద్దాం" అంది. రెండో ముక్కలో ఆమె మాటే నిజమైంది. కోత అక్కర్లేదు, మందులకు లొంగే రకమట. సోమవారం నుంచి ఎక్కిస్తారు. జుట్టు ఊడితే ఊడనీ.

నా కుట్టుమిషను ఎవరికో ఇచ్చేస్తానందట మరదలు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోను. మీ పాప పుట్టినరోజు గౌను కొలతలు రాసి పంపు. ఈ ఏడూ నేనే కుడతాను, పై ఏడూ నేనే.

అక్క