చిన్న అక్షరాల్లో సూలాన్

మా అక్కకి,

లేదు, నువ్వు భయపడ్డట్టు జ్వరమేం లేదు. ఫోన్లో నోరు పెగలదు, అందుకే మెసేజ్ పెడుతున్నా. తాత తన బతుకు కథంతా ఫూగా కట్టాడు కదా, ఆ పాతకాలపు పొడుగాటి పద్యం. దాన్ని మన వంశం గుడిలో రాతి మీద చెక్కిస్తారట. చింగ్‌మింగ్ పండగ రోజు పెద్దల సమాధులు ఊడ్చి వచ్చాక అందరి ముందూ నేనే చదవాలట. సొంత మనవడే చదవాలంట! ఏడో క్లాసులో మానేసినవాణ్ణి, నలుగురిలో మంచినీళ్లు అడగడానికే సిగ్గు నాకు.

పద్యం పెద్ద అక్షరాల్లో ఉంది. పాతకాలం వాళ్లలాగే తాత ప్రతి పంక్తి కింద అసలేం జరిగిందో చిన్న అక్షరాల్లో రాశాడు. పైన, "ఎగిరే బారులోంచి అడవిబాతు ఒకటి జారిపోయింది." కింద, "అది నా చెల్లెలు సూలాన్. ఆరేళ్లది. కరువులో, అన్నం పెడతామన్న పడవవాళ్లకి అమ్మ ఇచ్చేసింది. మళ్లీ కనబడలేదు." మన వంశావళిలో ఆమె పేరే లేదక్కా.

వంశం పెద్ద గుయ్‌షాన్ తాత ఏమన్నాడో తెలుసా? "రాయి చాలదయ్యా, పద్యం ఒక్కటే చెక్కిద్దాం. పిల్లనిచ్చేసిన వంశమని ఊరంతా చాటుకోవాలా?" మన తాత ఆ పూట అన్నం ముట్టలేదు.

నీ తమ్ముడు
పెంగ్‌ఫై

అక్కా,

చదివేశాను. చెవులింకా కాలిపోతున్నాయి. పెద్ద అక్షరాలన్నీ పాత మాటలు, మూడో పంక్తికే ఆగిపోయా. వెనకనుంచి ఎవరో, "ఏరా, నోట్లో నూడుల్స్ ఉన్నాయా?" అన్నారు. ఒకటే నవ్వులు. ఇంకేం చెయ్యను, నాకొచ్చిన చిన్నవి చదివా. సూలాన్ పేరు దగ్గర జనం పుచ్చగింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది.

"చిన్నవి ఎవడు చదవమన్నాడ్రా?" గుయ్‌షాన్ తాత లేచాడు.

"వాడికి అర్థమైనవి చదివాడు. నీకూ అర్థమైనట్టున్నాయే," అన్నాడు మన తాత.

గుయ్‌షాన్ తాత వాళ్లక్క కర్ర నేలకేసి కొట్టింది. "కూర్చో తమ్ముడూ! చిన్నప్పుడు ఆ పిల్లా నేనూ ఒకే దుప్పట్లో పడుకున్నాం. చెక్కించు."

"రాయి చాలదే అక్కా!" అన్నాడు గుయ్‌షాన్ తాత.

అప్పుడు మన తాత సిరాలో ముంచిన కుంచె నా చేతిలో పెట్టాడు. "చాలకపోతే పద్యం తగ్గిద్దాం. ఏ పంక్తులు పోవాలో నువ్వే కొట్టెయ్యరా."

ఇరవై ఏళ్లు కట్టిన పద్యం అది. ఆ బాతు పంక్తి కొట్టేస్తే దాని చోట్లో సరిగ్గా ఆమె పేరు, ఆ సంగతీ పడతాయి. కానీ తాత నన్ను కూర్చోబెట్టి విప్పిచెప్పిన పెద్ద అక్షరాల పంక్తి అదొక్కటేనే. కుంచె తడి ఆరిపోతోంది, అందరూ నావైపే చూస్తుంటే మంచినీళ్లకని బయటికొచ్చి నీకు రాస్తున్నా.

నీ పెంగ్‌ఫై అడుగుతున్నాడు, నువ్వైతే ఏది ఉంచుతావక్కా?